ఆవులింతల మాత్ర

మరదలి ప్రయాణానికి వదిన సంచి సర్దుతుంటే, మరదలు మాత్రల అట్టను మెల్లగా దిండు కిందికి తోసింది.

"చూశాన్లే. ఇలా తే."

"వద్దు వదినా! దిగులు పోవడం దేవుడెరుగు, వారం నుంచీ ఒకటే వికారం. నిన్న మా ఆఫీసరు మాట్లాడుతుంటే ఎదురుగానే ఆవులించాను."

"ఆయన మాట్లాడితే ఆవులించడానికి మాత్రలెందుకే!"

"నవ్వకు. మానేస్తాను."

"మొదట్లో ఇంతేనని డాక్టరమ్మ చెప్పిందిగా. అన్నం తిన్నాక వేసుకో. మరీ పడకపోతే ఆవిడకే ఫోన్ చెయ్యి. నీ అంతట నువ్వు మానావో, మీ ఆఫీసుకొచ్చి నీ పక్కనే కూర్చుని నేనూ ఆవులిస్తా!"

మరదలు పకపకా నవ్వి, అట్ట చేతికిచ్చింది.

"అన్నయ్యను ఇలా బెదిరించలేదేం వదినా?"

"అప్పుడు నాకు తెలియలేదే."

వదిన భర్త రెండో వారంలోనే ఇలాంటి మాత్రలు మానేశాడు. ఆ వానాకాలంలో ఒక మంగళవారం పొద్దున ఇంట్లోంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.