ఎడమకు తిరిగిన మర

పేరు, ఇంటి చిరునామా వాంగ్మూలం పైన రాసుకున్నారు. వయసు నలభై ఒకటి. వైరస్ పరిశోధన సంస్థలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు విభాగంలో పనిచేస్తున్నాను. వెనకాల అందరూ నన్ను ‘మరమేకు మేడం’ అంటారు. ఎందుకో చెబుతాను, కంగారు పెట్టకండి.

వైరస్ ఒంటి మీద ముళ్లలాంటి ప్రోటీన్లు ఉంటాయి. మన రక్తంలోని యాంటీబాడీ ఆ ముల్లును గట్టిగా పట్టుకుంటే వైరస్ మన కణాల్లోకి దూరలేదు. ఎక్కడ పట్టుకుందో తేల్చడమే మా పని. వేల మసక బొమ్మలను కలిపి కంప్యూటర్ ఒక ఆకారం కడుతుంది. ఒక్కోసారి అది అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు మారి వస్తుంది. ఆ తప్పు పట్టుకోవడానికి గుర్తు ఒకటుంది. ప్రోటీన్ లోపలి చుట్టలు మామూలు మరమేకులా కుడివైపుకే తిరగాలి. మా బొమ్మలో ఎడమకు తిరిగాయి.

అంటే యాంటీబాడీ నిజంగా పట్టుకున్నది ముల్లు ఎడమ పక్కను. బొమ్మలో కుడి పక్కన ఉంది. కొత్త రకం వైరస్‌లో మారిపోయింది ఆ ఎడమ పక్కే. కాబట్టి ఈ యాంటీబాడీతో చేసిన మందు దాని మీద పనిచేయదు. బొమ్మను నమ్మి, ప్రయోగం పేరుతో ఆ మందును ఆసుపత్రి సిబ్బందికి ఇవ్వడం మొదలుపెట్టారు.

డైరెక్టర్ గారికి చెప్పాను. మళ్లీ చెప్పాను. మీటింగులో చెప్పాను, లిఫ్టులో చెప్పాను. గోడకు చెప్పుకున్నా కాస్త ప్రతిధ్వని వచ్చేది. చివరికి ఆయన నవ్వారు.

“అద్దంలో చూసుకుంటే నువ్వు నువ్వు కాకుండా పోతావా అమ్మా? మందు ప్రారంభోత్సవం కానీ, తర్వాత చూద్దాం.”

అయితే రేపటి నుంచి కుడి చెప్పు ఎడమ కాలికి తొడుక్కుని రండి అన్నాను. గదిలోంచి పంపించేశారు.

ఈ రోజు ఉదయం పదిన్నరకు కింది హాల్లో ప్రారంభోత్సవం. ఆ తప్పు ఆకారాన్నే మనిషెత్తు ప్లాస్టిక్ బొమ్మ చేసి అద్దాల పెట్టెలో నిలబెట్టారు. విలేకరులు ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పెట్టె తలుపు తీసి, యాంటీబాడీని పీకి అటు పక్కన పెట్టబోయాను. అలా పెట్టినా చుట్టలు తప్పుగానే ఉంటాయని తెలుసు. అయినా పీకాను. జిగురు గట్టిది, బొమ్మ మొత్తం మీద పడింది, అద్దం పగిలింది. ఆపబోయిన సెక్యూరిటీ ఆయన చెయ్యి తెగింది. ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. డైరెక్టర్ గారికి చెప్పను.

మా తమ్ముడు అంబులెన్స్ నడుపుతాడు. కొత్త రకం వచ్చినవాళ్లనే రోజూ ఎక్కించుకుంటాడు. ఆ మందుకు పేరు ఇవ్వొద్దురా అని మొత్తుకున్నాను. నీకు అందరి పనిలోనూ వంకలే కనిపిస్తాయని కొట్టిపారేశాడు. ఇందాక స్టేషన్‌లో కూర్చోబెట్టినప్పుడు ఫోన్ చేశాడు.

“సూది వేయించుకున్నానక్కా. ఇక ఆ మాస్కు పెట్టుకోను, ఊపిరాడక చస్తున్నా.”

తీయొద్దు అనేలోపు కానిస్టేబుల్ ఫోన్ లాక్కున్నాడు.

ఇదంతా నా నోటితో చెప్పింది. నన్నెవరూ బెదిరించలేదు. చదివి వినిపించారు, సరిగ్గానే ఉంది, కింద సంతకం చేస్తున్నాను. ఇన్‌స్పెక్టర్ గారూ, కేసు ఎలాగైనా రాసుకోండి, ఆ ఫోన్ ఒక్కసారి ఇప్పించండి. వాడు ఆరింటికి డ్యూటీ ఎక్కుతాడు.

(సంతకం)