చనిపోయిన సిపాయి పెళ్ళి

కళ్ళద్దాల కొట్టు, మధ్యాహ్నం. కొట్టు నడిపే ఆవిడ చేతిలో విరిగిన కళ్ళజోడు ఉంది. ఆ కళ్ళజోడు తాలూకు పెద్దాయన, పాత రికార్డులు వెతికిపెట్టే మనిషి, ఎదురు కుర్చీలో ఉన్నాడు. ఆయన తెచ్చిన కాగితాలు బల్ల మీద పరిచి ఉన్నాయి.

“మళ్ళీ చదవండమ్మా.”

“చదివాను కదా సార్.”

“చూపు ఆనక నేను చదవలేను గానీ, మీరు గబగబా దాటేశారని మాత్రం వినబడింది. ముందు పటాలం కాగితం. కింద, సీలు దగ్గర.”

“‘యుద్ధంలో గల్లంతు. మరణించినట్లుగా భావించడమైనది.’ మా తాతయ్య పేరే. తేదీ కూడా వేశారు.”

“ఇప్పుడు పెళ్ళి రిజిస్టరు. అందులో తేదీ.”

“ఇదిగో, మా అమ్మమ్మ పేరు, పక్కన తాతయ్య పేరు, తేదీ… సార్!”

“ఊఁ.”

“పెళ్ళి, ఆయన పోయిన మూడేళ్ళకి జరిగింది.”

“మూడేళ్ళ పైచిలుకు.”

“పైచిలుకు సంగతి అలా ఉంచండి. పోయిన మనిషిని మా అమ్మమ్మ ఎలా చేసుకుంది?”

“ఆ స్క్రూ జాగ్రత్త, కింద పడితే దొరకదు.”

“స్క్రూ నా చేతిలోనే ఉంది. మీరు మాట మార్చకండి. అంటే ఎవడో తాతయ్య పేరు పెట్టుకుని వచ్చాడా? మా అమ్మ పుట్టింది ఎవడో దొంగకా?”

“నేనూ అదే అనుకున్నాను. ఇలాంటివి ఇంతకు ముందు చూశాను. చచ్చినవాడి కాగితాలతో బతికిన వాళ్ళున్నారు.”

“చాలా ఉత్సాహంగా చెబుతున్నారు.”

“ఏం చెయ్యనమ్మా, ఎన్నాళ్ళకో తగిలింది ఇలాంటి ముడి. అందరూ జమీందారు రక్తం వెతకమనేవాళ్ళే. దొరికేది కూలీ రక్తం. ముఖం మాడ్చుకుని వెళ్ళిపోతారు.”

“నేను జమీందార్లని అడగలేదు సార్. ఒక్క మనిషిని అడిగాను. బతికున్న మనిషిని.”

“తెలుసు. బంధువు పేరు రాయందే మీ గుండె ఆపరేషన్ చెయ్యం అన్నారు ఆస్పత్రి వాళ్ళు. అందుకే పెద్దవాళ్ళ దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తున్నాను. మీ వంశవృక్షంలో ఎక్కడో ఒక కొమ్మకి ఒక మనిషి వేలాడుతూ ఉంటాడని.”

“మా నాన్న వైపు ఒకాయన్ని పట్టిచ్చారుగా.”

“అవును, ఫోన్ చేశారా?”

“చేశాను.”

“ఏమన్నాడు?”

“‘ఆస్తి గొడవా?’ అన్నాడు. కాదన్నాను. ‘మరెందుకు?’ అన్నాడు. దానికేం చెప్పాలో తెలీక పెట్టేశాను. పోనివ్వండి. ఈ దొంగ పెళ్ళికొడుకు సంగతి చెప్పండి.”

“దొంగ కాదు. రిజిస్టర్లో పెళ్ళికొడుకు సంతకం చూడండి. దాని కింద ఏముంది?”

“అంకెలు. ఎవరో లెక్క వేసుకున్నట్టున్నారు.”

“ఆ అంకెలు పటాలం కాగితం మీద, పైన మూలకి, ఉన్నాయేమో చూడండి.”

“ఉన్నాయి! అవే. సిపాయి నంబరు. కానీ పెళ్ళి రిజిస్టర్లో నంబరు ఎవరేస్తారు సార్?”

“సిపాయి వేస్తాడు. సంతకం పెడితే కింద నంబరు వెయ్యాలి. లేకపోతే జీతం ఇవ్వరు, దుప్పటి ఇవ్వరు, సబ్బు ఇవ్వరు. చెయ్యి అలవాటు పడిపోతుంది. నేను సైనిక రికార్డుల సెక్షన్లో పనిచేసేటప్పుడు అక్కడ ఒకాయన కొడుకు ప్రోగ్రెస్ కార్డు మీద కూడా నంబరు వేసి పంపాడు. టీచరు ఇంటికొచ్చి, ‘ఇవి మీవాడి మార్కులా?’ అని అడిగింది.”

“నవ్వించకండి, స్క్రూ జారుతుంది. అయితే ఆయన నంబరు తెలిసిన వేరే ఎవడైనా…”

“తెలియొచ్చు. కానీ దొంగవాడు పెళ్ళిలో నంబరు ఎందుకు వేస్తాడు? వాడికి ఆ అలవాటు ఉండదు. పైగా విడుదలైన యుద్ధఖైదీల జాబితా కూడా దొరికింది. అదిగో, నాలుగో కాగితం. ఆయన శత్రువుల చేతికి చిక్కాడు. మనవాళ్ళకి కబురు అందలేదు, చచ్చాడని రాసేశారు. అంతే.”

“అయితే తాతయ్యే.”

“తాతయ్యే.”

“అబ్బ! గుండె ఆగినంత పనైంది.”

“మీరు ఆ మాట సరదాకి కూడా అనకండి. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఆయన పటాలంలో చేరిన నాటి భర్తీ కాగితం తియ్యండి. అన్నిటికంటే పాతది.”

“అంచులు చిరిగినదా? ఆఁ. ఎత్తు, ఛాతీ, పుట్టుమచ్చ… ‘దగ్గరి బంధువు’ అని ఉంది. మా అమ్మమ్మ పేరు. బంధుత్వం: భార్య.”

“ఇప్పుడు చెప్పండి.”

“ఇదెలా? ఇది యుద్ధానికి ముందుది కదా! అప్పటికి పెళ్ళే కాలేదు.”

“పెళ్ళి దాకా ఎందుకు? పరిచయమే లేదంటాను.”

“మీరేమంటున్నారో మీకు తెలుస్తోందా?”

“జనాభా లెక్కల కాగితం తీసుకోండి. అదే ఏడాదిది. ఆ వీధిలో ఇంటింటికీ తిరిగి రాశారు. మీ అమ్మమ్మని పట్టుకోండి.”

“ఇస్త్రీ కొట్టు. ఇంటి పెద్ద, ఆయన కూతురు. కూతురి పేరు అమ్మమ్మదే. ‘పెళ్ళి కాలేదు.’”

“దాని పక్కనే?”

“‘సైనిక భర్తీ కార్యాలయం. రాత్రి ఎవరూ పడుకోరు.’”

“లెక్కలవాళ్ళు రాత్రి ఎవరెక్కడ పడుకుంటే అక్కడే రాస్తారు. ఆ రాత్రి మీ తాతయ్య ఊరికి అవతలి చివర పడుకున్నాడు. తర్వాతి కాగితం.”

“ఇది… ‘అనాథాశ్రమం’ అని ఉంది.”

“అవును.”

“అందరూ పిల్లలే. ఇదిగో, తాతయ్య. వీళ్ళందరిలో పెద్దవాడిలా ఉన్నాడు. తండ్రి పేరు ఉండాల్సిన చోట గీత కొట్టారు. తల్లి పేరు దగ్గర కూడా గీతే.”

“వయసు దాటితే ఆశ్రమంలో ఉంచుకోరు. బయటికి పంపేస్తారు. పంపిన వారానికే పటాలానికి వచ్చాడు.”

“అంటే ఆయన తరఫు ఎవరూ…”

“లేరమ్మా. ఆ కొమ్మ గీత దగ్గర ఆగిపోయింది. మీ అమ్మమ్మ వైపు తండ్రి ఒక్కడే, ఆయనా యుద్ధంలోనే జ్వరంతో పోయాడు. మీ అమ్మ ఒక్కతే కూతురు. మీరు ఒక్కరే. నేను వెతకని బీరువా లేదు. మంచినీళ్ళు తాగుతారా?”

“వద్దు. మీరు చెప్పండి. బంధువు కాని పిల్ల పేరు ఎందుకు రాశాడు?”

“ఆ గడి ఖాళీగా వదలనివ్వరు. అలాంటి కాగితాలు నింపించడమే నేను ముప్పై ఏళ్ళు చేసిన ఉద్యోగం. ఎవరూ లేరంటే గుమాస్తా కాగితం తీసుకోడు. ‘చస్తే కబురు ఎవరికి పంపాలి? నీ సామాను పెట్టె ఎవరికి పంపాలి? పో, కనుక్కుని రా’ అంటాడు. లైన్లోంచి వెనక్కి తోసేస్తారు. అందుకని కుర్రాళ్ళు తోచిన పేరు చెప్పేవాళ్ళు. ఒకడు హోటల్ యజమాని పేరు చెప్పాడు. ఇంకొకడు నన్నే అడిగాడు, ‘సార్, మీ పేరేంటి?’ అని.”

“మీరు ఏం చేశారు?”

“చెప్పాను. నా అదృష్టం, వాడు తిరిగొచ్చాడు.”

“మరి తాతయ్య?”

“ఇక్కణ్ణించి నా ఊహ. కాగితం మీద లేదు. ఉన్న ఒక్క చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి ఉంటాడు. లోపల్నించి తండ్రి ఆ పిల్లని పేరు పెట్టి కేకేస్తుంటే విని ఉంటాడు. లైన్లోకి వెళ్ళాడు. గుమాస్తా కసిరాడు. ఆ క్షణాన ఆయనకి తెలిసిన ఆడపిల్ల పేరు అదొక్కటే.”

“భార్య అని రాయడం ఎందుకు? చెల్లెలు అనొచ్చుగా!”

“పందొమ్మిదేళ్ళ కుర్రాడు, కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కా. చెల్లెలు అంటాడా అమ్మా? ఎందుకు నవ్వుతున్నారు?”

“ఏం లేదు.”

“ఏదో ఉంది.”

“ఏం లేదన్నానుగా. తర్వాత?”

“తర్వాత కబురొచ్చింది. ‘మీ భర్త మరణించినట్లుగా భావించడమైనది.’ వెనకే ఆయన పెట్టె. అప్పటికి మీ అమ్మమ్మ తండ్రి పోయి, కొట్లో ఒంటరిగా ఉంది. ‘నాకు పెళ్ళే కాలేదు, తీసుకుపొండి’ అనొచ్చు. అనలేదు. పెట్టె ముట్టినట్టు సంతకం చేసింది. ఆ రసీదు కూడా ఉంది, చూడండి, ‘భార్య’ అని తనే రాసింది.”

“ఎవరో తెలీకుండానే?”

“ఎవరో తెలీకుండానే. అదిగో, గుమ్మంలోకి ఎవరో గిరాకీ వచ్చినట్టుంది.”

“అమ్మా, నా కళ్ళజోడు అయిందా?”

“రేపు రమ్మన్నాను కదా బాబూ.”

“రేపు రమ్మని నిన్న అన్నారు.”

“అవునా? అయ్యో, అయితే అయిపోయే ఉంటుంది. ఆగండి… ఇదిగో. పెట్టుకుని ఆ ఎదురుగా ఉన్న బోర్డు చదవండి.”

“‘ఇక్కడ బండ్లు నిలుపరాదు. నిలిపినచో…’ అయ్యబాబోయ్, నా బండి అక్కడే ఉంది!”

“పరిగెత్తండి మరి!”

“మీ చేతి పని బాగుందమ్మా. ఆయనకి చూపు రాగానే భయం కూడా వచ్చింది.”

“సోమవారం నుంచి ఆయన ఇంకో కొట్టు చూసుకోవాలి. ఎన్నాళ్ళు మూస్తానో తెలీదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ‘అయ్యో పాపం’ అంటారు, వినడం నావల్ల కాదు. సరే, పెట్టె తీసుకుంది. మరి తాతయ్య ఆవిడ దగ్గరికే ఎలా వచ్చాడు?”

“విడుదలైన ఖైదీకి రైలు పాసు ఇస్తారు. ఎక్కడికంటే అక్కడికి ఇవ్వరు. రికార్డులో దగ్గరి బంధువు ఏ ఊరు, ఏ వీధి అని ఉంటే అక్కడికే. ఆయనకి రికార్డులో ఉన్నది ఒక్కటే చిరునామా.”

“ఇస్త్రీ కొట్టు.”

“ఇస్త్రీ కొట్టు. తను చెప్పిన అబద్ధం గుమ్మం ముందే దిగాల్సి వచ్చింది. దిగాడు. వచ్చిన నాలుగు నెలలకి పెళ్ళి.”

“ఆ తలుపు తీసినప్పుడు ఏమనుకుని ఉంటుంది సార్? చచ్చిపోయినవాడు, ఎప్పుడూ మొగుడు కానివాడు, గుమ్మంలో నిలబడి…”

“‘పెట్టె లోపలే ఉంది’ అని ఉంటుంది.”

“మీరు ఊహలు బాగానే చేస్తారు.”

“ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేకపోతే ఊహలే కదమ్మా. మా ఆవిడ పోయాక ఈ కాగితాల్లో వాళ్ళతోనే నా కబుర్లు. వాళ్ళు ఎదురు చెప్పరు. అదొక్కటే లోటు.”

“అయిపోయింది, ఇదిగో మీ కళ్ళజోడు. చెవి వెనక గుచ్చుకుంటోందా?”

“లేదు, బ్రహ్మాండం. ఓహో, మీ ముఖం ఇంత పాలిపోయి ఉందా? నిద్ర పట్టడం లేదా?”

“కొట్లో వెలుతురు అలాంటిది.”

“ఆస్పత్రి కాగితం నింపి ఇచ్చేశారా?”

“ఇచ్చాను. మొన్ననే.”

“బంధువు గడిలో?”

“రాశాను.”

“ఎవరిని?”

“మా మేనత్త కొడుకుని.”

“మీ నాన్నకి అక్కచెల్లెళ్ళు లేరు.”

“దూరపు మేనత్త.”

“ఎంత దూరం?”

“చాలా దూరం. మీరు పోలీసులా అడుగుతున్నారేంటి? మీకివ్వాల్సింది ఇచ్చేశాను, మీరు వెతకాల్సింది వెతికేశారు. ఎవరూ లేరని తేలింది. ఇక ఈ కాగితాలు ఇంటికి తీసుకెళ్ళి దాచుకుంటాను. ఎవరి కోసం దాచాలో తెలీదనుకోండి, అయినా దాచుకుంటాను.”

“కోపం తెచ్చుకోకండి. డాక్టరు కోపం వద్దన్నాడు.”

“అన్నాడు… మీకెలా తెలుసు? ఆ మాట నేను మీకు చెప్పలేదే!”

“నిన్న మా ఇంట్లో ఫోన్ మోగింది. మోగదు మామూలుగా. టీవీలోదేమో అనుకుని చాలాసేపు లేవలేదు. ఆస్పత్రి నుంచి ఎవరో అమ్మాయి. ‘మీ చెల్లెలుగారి ఆపరేషన్ సోమవారం. కోపం, కంగారు లేకుండా చూడమన్నారు డాక్టరుగారు. ఆదివారం సాయంత్రం మీరు దగ్గరుండి చేర్పించాలి’ అంది.”

“సార్, నేను… ఆ గడి ఖాళీగా ఉంటే కాగితం తీసుకోం అన్నారు. వెనక లైన్లో జనం గొణుగుతున్నారు. చేతిసంచిలో మీ కార్డు తప్ప ఇంకో పేరు లేదు. అన్నయ్య అని రాసేశాను. క్షమించండి. ఇప్పుడే వెళ్ళి కొట్టేయిస్తాను. పొరపాటున రాశానని చెబుతాను. మీరేమన్నారు ఆ అమ్మాయితో? ఎవరో తెలీదన్నారా?”

“‘చిన్నప్పట్నుంచీ మొండిది, ఒంట్లో బాగోలేకపోతే బయటికి చెప్పదు, కాస్త కనిపెట్టి ఉండండి. నేను మధ్యాహ్నానికే తీసుకొస్తాను’ అన్నాను.”