కుట్లు లేని ఆపరేషన్

ఆ గంప వదులు భాగ్యం. వదలమంటున్నానా! నేనెత్తగలను. నెల దాటింది, ఇంక అన్ని పనులూ చేసుకోమన్నాడు డాక్టరు. ఐదో నెల కడుపుతో నువ్వు నా చేతిలో గంప లాక్కుంటావేంటి? ఎవరైనా చూస్తే నన్నంటారు గానీ నిన్నంటారా?

కూర్చో. ఆ గడ్డి మీద కూర్చుని మామిడికాయ వేరు చెయ్యి. దెబ్బ తగిలిన రసాలు ఇటు పెట్టు. చేతులూరికే ఉంటే నీకు ఏడుపొస్తుంది.

పొద్దున చీరలు సంచిలో సర్దుకుంటున్నావు, చూశాలే. మీ ఊరు వెళ్ళే చాట్రాయి బస్సు ఎన్నింటికని అడిగావట. అక్కకి బాగైపోయింది, ఇంక నేనెందుకు అన్నావట. ఎవరితో? అత్తతో! చెప్పుకోడానికి ఇంకెవరూ దొరకలేదా తల్లీ నీకు?

నువ్వు నీ అంతట నువ్వొచ్చావా ఈ ఇంటికి? మీ అమ్మ, మా పిన్ని, కాళ్ళా వేళ్ళా పడి నిన్ను అడిగి తెచ్చింది నేను. ఆగిరిపల్లి కొండ మీద మా ఆయన చేత నీ మెళ్ళో తాళి కట్టించింది నేను. బావా బావా అని పిలిచేదానివి, మొగుణ్ణి చేశాను. ఆ పసుపుతాడు కూడా నేనే పేనాను.

మరేం చెయ్యను? అది ఎనభై ఏడో సంవత్సరం. బెజవాడ డాక్టరు ఏమన్నాడు? చిన్నప్పుడు నాకు కీళ్ళ వాపుల జ్వరమొచ్చింది చూడు, అదే గుండెని పట్టుకుందన్నాడు. గుండెలో తలుపులాంటిది ఉంటుందట. దాని రేకులు అతుక్కుపోయి సందు సన్నమైపోయిందట. కడుపొస్తే కాన్పు దాకా కూడా బతకవు, పిల్లల మాట మర్చిపో అన్నాడు. ఛాతీ కోసి విడదియ్యాలన్నాడు. కోతంటే అత్త ఒప్పుకోలేదు, ఆయన ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదులే. భయం.

తర్వాత సంగతి నీకు తెలిసిందే. నూతి దాకా వెళ్ళొస్తే ఆయాసం. దగ్గితే రక్తం. నువ్వేగా తుడిచింది.

ఇదిగో, ఈ శివరాత్రి ముందు కదా నూజివీడుకి ఆ కొత్త డాక్టరొచ్చాడు. గుండెల మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. హైదరాబాదులో ఈ మధ్య బెలూన్ వేస్తున్నారమ్మా, ఛాతీ కొయ్యక్కర్లేదు అన్నాడు. బెలూనేంటండీ, తిరునాళ్ళలో అమ్మేదా అన్నాను. నవ్వాడు.

అందరికీ పనికిరాదట అది. ఆ రేకులు సున్నం పట్టి బిరుసెక్కిపోతే లాభం లేదట. లోపల రక్తం గడ్డ కట్టి ఉన్నా వెయ్యరట. అక్కడ పరీక్షలన్నీ చేసి, నీవి ఇంకా మెత్తగానే ఉన్నాయి సత్యవతీ, అదృష్టవంతురాలివి అన్నారు. సరే అన్నాను.

తొడ మొదట్లో చిన్న బెజ్జం పెట్టారు. నరంలోంచి సన్నటి గొట్టం పోనిచ్చారు. మెలకువగానే ఉన్నాను, పైన ఫ్యాను తిరగడం చూస్తూ. గుండెలోకి వెళ్ళాక బెలూన్ ఊదారట, ఊది వెంటనే తీసేశారట. ఒక్క క్షణం కళ్ళు చీకట్లు కమ్మాయి. అంతే! అయిపోయిందమ్మా అన్నారు. ఇంతేనా అన్నాను.

ఇంటికొచ్చిన రోజు అత్త ఏం చేసిందో తెలుసా? తలుపేసి నా రవిక విప్పి చూసింది. కుట్లేవీ అంది. కుట్లు లేందే ఆవిడకి ఆపరేషన్ కాదు. అసలు దీనికి జబ్బే లేదేమో, డాక్టర్లు ఊరికే బెదరగొట్టారేమో, రెండోదాన్ని అనవసరంగా తెచ్చుకున్నాం అంది. నువ్వు వినలేదులే. ఆ, వినే ఉంటావులే.

ఇంకోటుంది. ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరు ఆయన్ని పిలిచి చెప్పాడు. పెన్సిలిన్ సూది మానొద్దు, పరీక్షలకి వస్తూ ఉండాలి, కొన్నాళ్ళాగి మేం చూసి సరేనన్నాక ఈవిడ పిల్లల్ని కనొచ్చు అన్నాడు. ఆయన పక్కనే నుంచున్నాడు. సరేనండీ అన్నాడు. బెజవాడ స్టేషన్లో టీ ఇప్పించి, చల్లారిపోతుంది తాగు అన్నాడు. అప్పటికి నీకు నాలుగో నెల.

ఆ మాట ఆయన ఇంట్లో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇదిగో, నీకే చెబుతున్నాను.

ఏంటలా చూస్తావు? కోపమా? లేదే. కోపమైనా వస్తే బాగుండును. తిమ్మిరెక్కిన కాలు గిల్లినట్టుంది నాకు, ఏ మాట విన్నా.

ఇంతకీ ఎక్కడికి పోతావు? ఈ కడుపుతో వెళ్తే మీ నాన్న ఇంట్లోకి రానిస్తాడా? నేను బతికుండగా నీ తాళి చెల్లదని ఏ ప్లీడరైనా చెప్తాడు. రేపు పుట్టే బిడ్డకి తండ్రెవరంటే ఏం చెప్తావు? పోనీ నేను పోదామా అంటే, రెడ్డిగూడెంలో మా వదిన ముందే అంది, ఆడబడుచంటే చూడ్డానికి రావాలి గానీ ఉండిపోడానికి కాదని. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మనకి ఇంకో ఒర ఎక్కడుంది? ఇద్దరం ఇక్కడే ఉండాలి. అంతే.

ఏయ్, ఏంటది? లే! కాళ్ళు పట్టుకుంటావేంటి? లేవమంటున్నానా!

ఊరంతా ఇదే. చర్చి దగ్గర జోజమ్మ టీచరు దగ్గర్నించి మన కాపలా మల్లయ్య దాకా, సత్యవతి దేవత అన్నారు. ఏ ఆడది చేస్తుందమ్మా ఇంత త్యాగం అన్నారు. వింటూ ఊరుకున్నాను. చచ్చేముందు నాలుగు మంచిమాటలు, పోనీలే అనుకున్నాను.

త్యాగం కాదే పిచ్చిదానా. పోతాననుకున్నాను. నువ్వూ ఆయనా కాపురం చేసుకుంటుంటే చూడ్డానికి నేనుండను కదా, అందుకని తెచ్చాను. బతుకుతావని ఒక్కరంటే ఒక్కరు చెప్పినా నిన్ను ఈ గడప తొక్కనిచ్చేదాన్ని కాదు.

బతికాను. రోజూ చూస్తున్నాను.