గేటు దగ్గర నాలుగు నిమిషాలు

ఇప్పుడా అండీ రావడం? ముప్పై ఏళ్ళు ఊరుకుని, మనిషి పోయిన ఇరవై రోజులకి, అదీ సభకి రెండు గంటల ముందు, కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడితే నేనేం చెయ్యను ఆఫీసరు గారూ? ఇంకా గడ్డం గీసుకోలేదు. చొక్కా ఇస్త్రీకిచ్చాను, రాలేదు. అయిదింటికల్లా లైబ్రరీ హాల్లో ఉండాలి. మా ఆవిడ సంతాపసభ. ఆవిడ నవల మీద తీసిన సినిమా వేస్తారు, దానికి ముందు నేను నాలుగు మాటలు మాట్లాడాలట.

సరే, లోపలికి రండి. ఆ పుస్తకాలు పక్కకి నెట్టి కూర్చోండి. టీ అడక్కండి, నాకు పెట్టడం రాదు. నేర్చుకునే అవసరం రానివ్వలేదు ఆవిడ.

ఏదీ, ఇలా ఇవ్వండి. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో... ఆఁ. "సదరు చిత్రంలోని చివరి దృశ్యమును సెన్సారు వారు తొలగించలేదని, అప్పటి ఎడిటరునైన నేను ఇందుమూలముగా..." బాగుందండీ, నా సంతకానికి మీరే రాసుకొచ్చారన్నమాట. రిటైరై ఇన్నేళ్ళయినా ఇందుమూలముగా లేనిదే మీ పెన్ను కదలదు.

మీరు పడ్డ మాటలు నాకు తెలీక కాదు. ఊరంతా మిమ్మల్ని కత్తెరాయన అనేవాళ్ళు. మీ గోడ మీద ఎవరో బొగ్గుతో కత్తెర బొమ్మ గీశారని కూడా విన్నాను. మా ఆవిడ ఏ సభలో మాట్లాడినా చివరికి మీ దగ్గరికొచ్చి ఆగేది. "ఆ ఆఫీసరు ఇంట్లో ఆడపిల్ల లేదా?" అనేది. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు.

ఉందన్నమాట. అప్పుడు కాలేజీలో చదువుతోందా? ఆ నవల దిండు కింద పెట్టుకుని పడుకునేదా?

ఊఁ. మీరు కోయలేదని ఎంత చెప్పినా నమ్మలేదు. ఇప్పటికీనా? యాభై ఏళ్ళ మనిషి, తండ్రితో ఇంకా ముక్తసరిగానేనా?

సాయంత్రం వస్తోందా? ఓహో, కరపత్రం చూసిందా. అవును, వేశారు, "సెన్సారు అధికారి కత్తెరకు బలైన ముగింపు" అని. నేను రాయలేదండీ, సభవాళ్ళు రాశారు. ముందుగా నాకు చూపించారు, అదీ నిజమే. చూసి బాగుందన్నాను.

ఆ మొహం పెట్టకండి. మీరు కోయలేదని నాకు తెలీదా ఏవిటి? అంత తెలిసినవాణ్ణి ఇంకోడు లేడు. నిర్మాత పోయాడు, మీతో కూర్చుని చూసిన సెన్సారువాళ్ళు నలుగురూ పోయారు, డైరెక్టరు అప్పట్లోనే వేరే సినిమాకి ఎక్కడికో పోయాడు, మీ ఆఫీసులో పాత కాగితాలు చెదలు తిన్నాయి. ఇహ మిగిలింది మీరూ నేనూ.

నవల మీరు చదివారు కదూ? నేను చదవలేదు. నవ్వకండి, నిజంగానే చదవలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అదీ సంగతి. ఆవిడ వంటింటి బల్ల మీద రాసుకునేది, నేను పనికి పోయేవాణ్ణి, సాయంత్రం వచ్చేసరికి కాగితాలు బియ్యం డబ్బా మీదకి చేరేవి. ఏదో రాస్తోందిలే అనుకున్నాను. అచ్చయి ఊరు ఊరంతా చదివాక, ఇప్పుడు చదివితే చులకనైపోతానని మానేశాను. నాకు తెలిసిందల్లా సినిమాగా నా టేబులు మీదకి వచ్చాక తెలిసిందే.

నూలు మిల్లు కథ. జీతాలు పెంచమని ఆడవాళ్ళు మిషన్లు ఆపేసి లోపలే కూర్చుంటే, యజమానులు బయట తాళం వేయించేస్తారు. లోపల మూడొందల మంది, అందులో ఒకామె నిండు చూలాలు. తాళం వేసినవాడు గేటు కాపలాదారు. వాడి పెళ్ళామూ ఆ మిల్లులోదే, ఆ రోజు జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయింది. వాడు భోజనానికి ఇంటికొస్తాడు, మొలకి తాళాల గుత్తి. ఇమ్మంటుంది. ఇవ్వడు. వాడు గుత్తి బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోబోతే తీసుకుని జ్వరంతోనే వీధులన్నీ దాటి, వెళ్ళి గేటు తీసేస్తుంది.

అందరూ బయటికి వస్తారు. వాడు పరుగెత్తుకొస్తాడు. కొడతాడేమో అనుకుంటాం. ఆమె గుత్తి వాడి చేతిలో పెడుతుంది. తర్వాత తన జాకెట్టులోంచి ఇంకో తాళం చెవి తీసి దాని మీద పెడుతుంది. "అది మిల్లుది, ఇది మనింటిది. రెండూ నువ్వే ఉంచుకో" అని ఆ ఆడవాళ్ళతో కలిసి నడిచి వెళ్ళిపోతుంది. పాట లేదు, వాయిద్యం లేదు. అడుగుల చప్పుడు తప్ప ఇంకేం లేదు. నాలుగు నిమిషాలు.

నేను ముప్పై ఎనిమిది సినిమాలు కోశానండీ. అంత మంచి నాలుగు నిమిషాలు నా చేతికి మళ్ళీ రాలేదు.

అయితే మీకో రహస్యం చెప్పాలి, మీ మీద మేం ఆడిన నాటకం. మా కటింగ్ రూముల్లో దిష్టిచుక్క అని ఒకటుండేది. మీ సెన్సారువాళ్ళు ఏదో ఒకటి కోయందే కుర్చీల్లోంచి లేవరు కదా. అందుకని కోయడానికి వీలుగా ఒక ముక్క మేమే పెట్టేవాళ్ళం. పసిపిల్ల బుగ్గన చుక్క పెడితే చూపంతా దాని మీదకే పోతుందంటారే, అలాగ. మీరు దాన్ని కోసి తృప్తిపడితే అసలుది బతికేది. ఈ సినిమాలో దిష్టిచుక్క మేనేజర్ని చెప్పులతో కొట్టే సీను. నవల్లో లేదది. మా ఆవిడకి ఒళ్ళు మండింది. "కంగారు పడకు, సెన్సారులో పోతుంది" అన్నాను.

మీరేమో పోనివ్వలేదు. మీరు అయిదుగురూ చూసి, ఒక్క కట్ కూడా లేకుండా సర్టిఫికెట్ ఇచ్చేశారు. నా సర్వీసులో మొదటిసారి. మీరు బయటికొచ్చి "ఆ గేటు దగ్గర..." అని ఏదో అనబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. నాకు గుర్తుంది. మీరు మర్చిపోయారా?

దాంతో సినిమా పొడుగైపోయింది. రోజుకి నాలుగు ఆటలు పడాలంటే నాలుగు నిమిషాలు తగ్గించాలని హాళ్ళవాళ్ళు పట్టుబట్టారు. చెప్పుల సీనూ నాలుగు నిమిషాలే, గేటు సీనూ నాలుగు నిమిషాలే. రెంట్లో ఒకటి పోవాలి.

ఆగండాగండి, చెప్పుల సీను తీసేస్తే పోయేదిగా అనే కదా మీరు అనబోయేది? అదే ఎవరైనా అంటారు. నిర్మాత ఒప్పుకోలేదని, చెప్పుల సీనుకి ఈలలు పడతాయన్నాడని చెప్దామనుకున్నాను మీకు. చచ్చినవాడు వచ్చి కాదనడు కదా. కానీ ఆయన అలా అనలేదండీ. "ఏదో ఒకటి తీయవయ్యా, అది నీ పని" అని పోయాడు.

నేనే తీశాను.

ఎందుకంటే చెప్తాను, వినండి. ఆ కాపలాదారు భోజనానికి కూర్చుంటాడు చూశారా, మంచినీళ్ళు కావాలని నోరు తెరిచి అడగడు. ఖాళీ గ్లాసు బల్ల మీద రెండుసార్లు కొడతాడు. టక్ టక్. ఆమె వచ్చి పోస్తుంది. తలెత్తి కూడా చూడడు. సినిమాలో మూడుచోట్ల ఉంది అది. మొదటిసారి టేబులు మీద చూసినప్పుడు నాకేం అనిపించలేదు. వీడెవడో మొరటువాడు అనుకున్నాను. పక్కన మా సౌండాయన పడీ పడీ నవ్వాడు. "ఏవయ్యా, ఇది నువ్వే కదూ" అన్నాడు. మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేసినవాడు.

నేను గ్లాసు కొడతానని నాకు తెలీదండీ. ఇరవై ఏళ్ళ కాపురం, కొడుతూనే ఉన్నానన్నమాట.

ఆ తర్వాత ఫిల్ము ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. పడుకోబోయే ముందు తలుపు గడియ రెండుసార్లు లాగి చూడ్డం నాదే. పెళ్ళానికొచ్చిన ఉత్తరాలు ముందు తను చించి చదవడం నాదే. "నీకేం తెలుసులే" అనే ముక్క అక్షరం పొల్లుపోకుండా నాదే. అంటే వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆవిడ రాసుకున్నది నన్ను. చివర్న వాడి చేతిలో ఇంటి తాళం పెట్టి పోతోంది కదా, ఆ చెయ్యి నాది.

సిగ్గేసింది. కోపమొచ్చింది. వాటికంటే ఎక్కువ భయమేసిందండీ. కాగితం మీద వెళ్ళిన మనిషి నిజంగా వెళ్ళడానికి ఎంతసేపు? రాసిన మనిషి కదా, ఎలా వెళ్ళాలో ముందే ఆలోచించి పెట్టుకుంది.

నాలుగు నిమిషాలు తీసేస్తే సినిమా గేటు తెరవడంతో అర్ధాంతరంగా ఆగిపోతుంది. ఏదో ఒకటి అతకాలి. తీసిపారేసిన ముక్కల తొట్టిలో వెతికాను. మొదటి సగంలో ఎక్కడిదో, వంటింట్లో ఆ హీరోయిను తువ్వాలుకి చేతులు తుడుచుకుంటూ గుమ్మం వైపు చూసి నవ్వుతుంది. అసలది నటన కూడా కాదు. షాటు అయిపోయాక సెట్లో ఎవరో పళ్ళెం జారవిడిస్తే ఆ అమ్మాయికి నవ్వొచ్చింది, కెమెరా ఇంకా తిరుగుతోంది. దాన్ని తెచ్చి చివర్న అతికాను. గేటు తెరిచింది, ఆడవాళ్ళు బయటికొచ్చారు, ఆమె ఇంటికెళ్ళి మొగుడి కోసం ఎదురుచూస్తోంది. అయిదు సెకన్ల ముక్క. పుస్తకాన్నంతటినీ ఇంట్లోకి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

గేటు ముక్క తుక్కు ఫిల్ముతో పాటు బస్తాలో కట్టించేశాను. నెగెటివ్ కూడా.

మొదటి ఆట మేమిద్దరం కలిసి చూశాం. ఆ షాటు రాగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నవ్వుతోందేవిటండీ?" అంది. అంతే. హాల్లో దీపాలు వెలిగినా లేవలేదు. "నవ్వుతోందేవిటి?" అని మళ్ళీ అడిగింది.

సెన్సారువాళ్ళు కోశారు అన్నాను. ముందుగా అనుకున్న మాట కాదండీ, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. మర్నాడు నిర్మాతకి తెలిసి సంబరపడ్డాడు. సెన్సారు కోసిన సినిమా అని పోస్టర్ల మీద వేయించాడు, జనం ఎగబడ్డారు. మీరు కోయలేదని పేపరుకి రాశారు కదా, లోపలి పేజీలో పెళ్ళి ప్రకటనల కింద వేశారు. ఆవిడ చూసి, "అబద్ధానికి కూడా సిగ్గుండాలి" అంది.

ఏవిటీ? ఒక్కసారైనా ఆవిడ మిమ్మల్నే నేరుగా అడగొచ్చు కదా అంటారా?

అడిగిందండీ. పదకొండు ఉత్తరాలు రాసింది మీకు. ఒకదాంట్లో అయితే బతిమాలింది కూడా, కారణమైనా చెప్పండి, తప్పెక్కడో తెలుసుకుంటానని. పోస్టులో వేసొస్తానని నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఒక్కటీ వెయ్యలేదు. మీరు జవాబివ్వకపోయేసరికి తప్పు మీదేనని ఆవిడకి ఖాయమైపోయింది.

రెండో నవల మొదలుపెట్టింది. పద్దెనిమిది పేజీలయ్యాయి, ఆ పెట్టెలో ఉన్నాయి. ఆ తర్వాత రాయలేదు. మీ మీద అర్జీలు, మీ మీద ఉపన్యాసాలు, దాంతోనే సరిపోయింది. పులిలాంటి మనిషి, ముప్పై ఏళ్ళు లేని శత్రువు మీద పంజా విసురుతూ పోయింది. ఇంట్లో ఉన్నవాణ్ణి ఒక్క మాట అనలేదు.

అనకపోవడమేవిటి, జాలిపడింది. ఆస్పత్రిలో ఆఖరి వారం నా చెయ్యి తీసుకుని, "నా పుస్తకాన్ని మీ చేత్తోనే కోయించారు. మీకెంత కష్టమైందో, ఒక్కనాడూ బయటపడలేదు" అంది. ఆఫీసరు గారూ, ఆ మాటకి నేను తల ఊపాను.

అప్పుడైనా చెప్పాల్సింది. లేచి వెళ్ళే ఓపిక కూడా లేదు కదా ఆవిడకి, ఇంకెందుకు భయం? అయినా చెప్పలేదు.

పెన్నెందుకండీ, జేబులో పెట్టుకోండి. పెట్టను సంతకం.

ఆవిడ పరువు కోసమని చెప్తే నమ్ముతారా? సెన్సారు కోసిన రచయిత్రి అంటే గౌరవం, మొగుడు కోసిన రచయిత్రి అంటే నలుగురూ నవ్వుతారు. పొద్దుట్నుంచీ నాకు నేను అదే చెప్పుకుంటున్నాను. కానీ అది కాదు. సభవాళ్ళు నాకు శాలువా కప్పుతారట. ఆవిడ పోరాటంలో వెన్నంటి నిలిచిన భర్త అని పరిచయం చేస్తారట. రాసిన కాగితం చూపించారు. నాకది కావాలి. ఇన్నేళ్ళలో నన్నెవరూ వేదిక మీదకి పిలవలేదు.

తిట్టండి. తిడతారనుకున్నాను.

మీ అమ్మాయి గురించి నాకు బాధ లేకపోలేదు. మీరే చెప్పండి ఆమెకి, ఎడిటరు ఇంటికెళ్తే ఒప్పుకున్నాడని. ఇప్పుడు నేను చెప్పిందంతా వరసగా చెప్పండి, ఒక్క ముక్క వదలకుండా. ఆమె వేదిక దగ్గరికొచ్చి నన్నడిగితే మాత్రం, మీ నాన్నగారు పెద్దవారైపోయారమ్మా, పాపం ఏవేవో ఊహించుకుంటున్నారంటాను. నన్నే నమ్ముతుంది.