బెల్టు మార్చకముందే

హలో… ఆ, నేనే రూతమ్మక్కా. పెనుకొండ గోవిందమ్మను… అదే, మీ ఏసురత్నం పోయినాక ఆ సీఎన్సీ మిషను కొనుక్కున్నాం చూడు, శ్రుతి వాళ్ల అవ్వను.

ఆ… బాగుండాం. నువ్వెట్లుండావు? మోకాళ్లు?… నావీ అంతే. కూకుంటే లేవలేను, లేస్తే కూకోలేను… నవ్వినావే! నవ్వు, పర్వాలేదు.

హిందూపురంలో ఎండలెట్లుండాయి?… కాదులే, ఎండల కోసరం కాదు ఫోను చేసింది. ఎట్ల మొదలుపెట్టల్లో తెలీక అడిగినా.

మిషను విషయం.

… లేదు లేదు, చెడిపోలేదు. బిడ్డను సాకినట్ల సాకినాడు దాన్ని నీ కొడుకు… అమ్మేస్తాండామా? ఛ, ఎవురు చెప్పినారు? ముందర ఇను.

దానికి పైన స్పిండిల్ ఉంటాది గదా, టూలు పట్టుకోని గిర్రున తిరిగేది… ఆ, అదే. మోటారుకొక చక్రం, దానికొక చక్రం, రెండింటికీ నడాన బెల్టు. మీ రత్నం తన చేత్తోనే ఆ చక్రాలు ఎక్కించినాడంట, వేగంగా తిరగల్లని. అల్యూమినియం పనికి సరిపాయ. ఇప్పుడు శ్రుతికి ఉక్కు పని వచ్చిండాది. ఉక్కులోకి దింపితే చాలు, మూలిగి నిల్చిపోతాంది. వేగం తగ్గించి బలం పెంచల్లంట. అంటే మోటారు పక్క చిన్న చక్రం, స్పిండిల్ పక్క పెద్దది… ఆ, రెండూ మార్చల్ల. మారిస్తే గూడా చాలదంట. కంప్యూటరుకు చెప్పల్లంట. లేకుంటే పాత చక్రాలే ఉండాయనుకోని తెర మీద పాత వేగమే చూపిస్తాదంట. మొండిది.

ధర్మవరం నుంచి ప్రసాద్ అని మెకానిక్ వచ్చినాడు. పానా పట్టుకోని నా ఎదురుగానే నిలబడుకోనుండాడు.

… ఊ.

… అక్కా? ఏమంటివి?

మార్చుకోండి, నన్నడిగేదేముంది అంటావు. నిజమే. నేనడిగేది చక్రాల గురించి కాదు.

దాని శబ్దం గురించి.

…

అది పాడతాది గదక్కా. నోరు మూసుకోని గొంతులోనే రాగం తీసినట్ల… ఆ… ఆ పొద్దు మిషను ఎక్కించిన లారీ కాడ నువ్వే చెప్పినావు. షెడ్డు మీ ఇంటి వెనకాలే గదా. ఆ శబ్దం వస్తాంటే కొడుకు పనిలో ఉండాడని, నిల్చితే తట్టలో సంగటి పెట్టల్లని. చెప్పి మిషను మీద పెట్టిన చెయ్యి తీయలేదు నువ్వు. డ్రైవరు హారన్ కొడతానే ఉండె.

ఈడికొచ్చినా అదే రాగం. మొదటి దినం నేను బయట అనపకాయలు వలుస్తాండా. లోపల ఎవురో మగమనిషి పాడతాండాడనుకోని, ఎవురప్పా, నీళ్లు తాగుతావా అని అడిగినా… నిజం! మా పనోడు నాగరాజు ఐతే పొద్దు వాల్తే షెడ్డులో నిలబడడు. మిషనుకు నిమ్మకాయలు కట్టి కట్టి మా ఇంట్లో చిత్రాన్నానికి ఒక్కటి మిగల్లేదు… మీరు నమ్మరని తెలుసులే. నేనూ నమ్మను. అయినా దీపం పెట్టేటప్పుడు ఆ పక్క చూడను.

శ్రుతి ఏమంటాదంటే, దెయ్యం లేదు ఏం లేదవ్వా, ఆ చక్రాల జోడీ తిరిగితే ఆ శబ్దం వస్తాది, మారిస్తే పోతాది అని.

పోతాది అన్న మాట ఇన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదక్కా. నాగరాజుకు సంతోషమే. నాకు మాత్రం… మిషను మాది. ఆ గొంతు మాది కాదు గదా. నీకు చెప్పకుండ తీసేస్తే ఎట్లా? ఒక్కసారి ఇంటావేమోనని…

…

ఏడువు. నేనుండాలే.

… వద్దా?… సరే. సరేలే అక్కా, బలవంతమేం లేదు. ఐతే విప్పమంటా. ప్రసాదూ—

… ఏమి? ఉండమంటావా?… ఆ, ఉంటాడు. ఏమప్పా, పానా కింద పెట్టు. పెట్టు చెప్తాండా!… బస్సు పోతే ఇంకోటి వస్తాది, ధర్మవరం యాడికీ పోదు.

శ్రుతీ, ఉత్తగా తిప్పు పాపా. మెల్లగ కాదు. రోజూ తిప్పేటట్లే.

అక్కా, ఫోను దగ్గర పెడతాండా. చెవికి గట్టిగ ఆనించుకో…

…

…

ఇన్యావా?… ఆ… అదే గదా?… వానితో మాట్లాడల్లా? మాట్లాడు, మాట్లాడు. నేను ఇననులే. ఫోను ఆ పక్కకే తిప్పినా.

…

…

చాలా?… ఇంగొంచెం సేపా?… సరే. ఆపు పాపా.

ఆపేసిందక్కా. మెయిన్ స్విచ్చి గూడా తీసేసింది. ప్రసాద్ మూత విప్పుతాండాడు. బెల్టు వదులు చేస్తాండాడు… ఆ, వచ్చేసింది చేతికి.

… ఏమంటాండావు?

… ఇంగా వస్తాందా?

లేదక్కా, అది నిల్చిపాయ. బెల్టు ప్రసాద్ చేతిలో యాలాడతాంది, నా కండ్ల ముందరే. ఈడ ఫ్యాను గూడా నిల్చిపోయిండాది. నా ఊపిరి నాకే ఇనపడతాంది.

… ఏమి?

… పాటా?

… ఇంతసేపూ రాగమే వస్తాండె… ఇప్పుడు మాటలు గూడా వస్తాండాయా?

…

అక్కా… ఏమని పాడతాండాడు?

…

…

లేదు, లేదు, నేను కాదనలేదు. నువ్వు ఫోను పెట్టేయొద్దు. ఇను. ఎంతసేపు వస్తే అంతసేపూ ఇను. ఇంగ నేను మాట్లాడను. నా మాట అడ్డమొస్తాది నీకు.

ఫోను ఈ మిషను మీదనే పెడతాండా…

ప్రసాదూ, ఆ చక్రం కింద పెట్టేటప్పుడు చప్పుడు చేయొద్దప్పా. శ్రుతీ, ఫోను ముట్టుకోవద్దు… ఛార్జింగ్ అయిపోతే అయిపోనీ. ఆయమ్మ ఇంగా ఇంటాంది.