కొట్టివేతల ఫైలుకు ఎన్ని మార్కులు?

1993 జూన్ 14న ఈ పాఠశాలలో సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయినిగా చేరి, పిల్లల నోట ‘ఫైళ్ల టీచర్’గా స్థిరపడిన మన సహోద్యోగి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి పదేళ్లు వారు ప్రశ్నపత్రాన్నే నమ్ముకున్నారు. అందులో లాభం స్పష్టం: జవాబు ఉంటే మార్కు, లేకుంటే సున్నా, సందేహమన్నది ఇంటిదాకా వెంటరాదు. తరువాత, ఏడాది పొడవునా పిల్లలు చేసిన పనిని ఫైలుగా కూర్చి, దాన్ని చూసి మార్కులు వేసే పద్ధతి వచ్చింది. దానికి అందరికంటే ముందు ఒప్పుకున్నది వారే; అందరికంటే ఎక్కువ తికమకపడిందీ వారే. పటం గీసిన చేతికి మార్కా, పటం అర్థమైన బుర్రకా? అక్క అందంగా రాసిపెట్టిన పేజీ ఎవరిదనుకోవాలి?

ఆ మొదటి ఏడాది, ‘మన ఊరి నీళ్లు’ అన్న అంశంపై ఎనిమిదో తరగతి నుంచి నలభై రెండు ఫైళ్లు వచ్చాయి. నలభై ఒకటి అద్దంలా ఉన్నాయి. దర్జీ కూతురి ఫైలు మాత్రం కొట్టివేతలమయం. పాతికకు ఎనిమిది వేశారు. తొమ్మిది వస్తేనే పై తరగతి. మార్కుల పట్టిక పొద్దునే ప్రధానోపాధ్యాయులకు చేరింది; మధ్యాహ్నానికి ఖరారు కావాలి. అంతలో పిల్లలు ఫైళ్లు తీసుకెళ్లడానికి వచ్చారు.

“ఇన్ని కొట్టేశావేంటే? కాస్త శుభ్రంగా రాయలేకపోయావా?”

“తప్పని తెలిశాక కొట్టేశా టీచర్. మా వీధికంటే పై వీధికే నీళ్లు ఎక్కువొస్తాయనుకున్నా. వారం రోజులు రెండు కుళాయిల దగ్గరా బిందెలు లెక్కపెట్టా. మాకే ఎక్కువ! మా అమ్మ నమ్మలేదు, తనూ వచ్చి లెక్కపెట్టింది.”

టీచర్‌గారు నవ్వబోయి ఆగిపోయారు. పక్కనే ఉన్న క్లాసు ఫస్టు అమ్మాయిని అడిగారు: “నీ మొదటి కాగితాలేవే?”

“చించేశా టీచర్. నీట్‌గా ఉంటేనే మార్కులని మీరే చెప్పారుగా!”

వారు ఆ కొట్టివేతల ఫైలు పట్టుకుని ప్రధానోపాధ్యాయుల గదికి నడిచారు. పిల్లలు నేర్చుకున్న ఆనవాళ్లన్నీ తన మాట మీదే చెత్తబుట్ట పాలయ్యాయి; మిగిలిన ఒక్క ఫైలునూ తన చేత్తోనే ఫెయిల్ చేశారు.

“పొద్దున ఎనిమిదన్నారు, ఇప్పుడు ఇరవై అంటున్నారు. రేపు ఎంతంటారమ్మా?” అని ప్రధానోపాధ్యాయులు విసుక్కున్నారు.

“పొద్దున నేను చేతిరాతకు వేశాను సార్. ఇరవై చేయండి.”

“మరి ఆ నలభై ఒకటి?”

“వాళ్లు నా మాట విన్నారు. విన్నందుకు తగ్గించమంటారా? తగ్గించకపోతే ఈ పిల్లకు అన్యాయం చేసినట్టా? నాకేం పాలుపోవడం లేదు సార్.”

“మీకు పాలుపోయేదాకా పట్టిక ఆగదమ్మా.”

దర్జీ కూతురు పై తరగతికి వెళ్లింది. మిగతావారి మార్కులు అలాగే ఉండిపోయాయి. మరుసటి ఏడాది నుంచి ఈ బడిలో చిత్తుప్రతులు లేని ఫైలును ఎవరూ తీసుకోలేదు. వారి ముప్పై ఒక్క ఏళ్ల సేవను బేరీజు వేసుకుంటే మనకు దక్కిన లాభం ఇదే. వారి వంతుకు తికమకే మిగిలింది. మొన్న కూడా స్టాఫ్ రూమ్‌లో, “ఆ నలభై ఒక్కరికీ నేను వేసినవి సరైనవేనంటారా?” అని అడిగారు. మనలో ఎవరూ తేల్చలేకపోయారు.

ఆ ప్రశ్నను తీరిగ్గా మోస్తూ తిరిగేంత ఆరోగ్యం, ఏనాటికైనా జవాబు దొరికితే స్వయంగా వచ్చి మనకు చెప్పేంత దీర్ఘాయువు వారికి కలగాలని మనసారా కోరుకుందాం. జవాబు ఆలస్యంగా దొరికినా మంచిదే.