వాగుగట్టుకు జ్వరం

2008. కర్దనూర్. ఆదివారం మధ్యాహ్నం. నైట్ షిఫ్టు ముగించి పొద్దున్నే రావలసిన ఐలయ్య కంపెనీ నుంచి ఇప్పుడే ఇంటికి చేరాడు. భార్య ముత్యమ్మ అన్నం పెడుతోంది.

"ముందుగాల అది చెప్పు. మీటింగు లేదని చెప్పొచ్చినవా లేదా?"

"కాళ్లు కడుక్కున్నవా?"

"కడుక్కున్న. చెప్పొచ్చినవా?"

"కండ్లు సూడు ఎట్ల ఎర్రగైనయో. రెండు షిఫ్టులు చేసి వచ్చినోడివి, ఇంత తిను. తినుకుంట విను."

"ప్రాణం ఆగుతలేదు ముత్యం. నా జాగకు వచ్చే రిలీవరు రాలేదని నన్ను ఇంకో షిఫ్టుకు ఆపిండ్రు. గేటు కాడి ఫోను నుంచి నీకు చెప్పిన కాడి నుంచి మనిషిని మిషిను ముందట ఉన్న గని, మనసంత పటాన్‌చెరు లైబ్రరీ కాడనే ఉన్నది. ఏడాది సంది ఒక్కొక్కల్ని ఏరుకోని కూడగట్టిన. సంగారెడ్డి హైమావతి మేడం, సదాశివపేట కొమురయ్య సారు, జోగిపేటోల్లు, జహీరాబాదోల్లు. ఎవరి బ్లాగుల వాళ్లు రాసుకునెటోల్లే, ఒకరి మొఖం ఒకరు చూసినోల్లు కాదు. ఇయ్యాల మొదటిసారి కలిసే రోజు, నేనే లేకపోతి."

"చారు పొయ్యనా?"

"పొయ్యి. నేను చెప్పుమన్నది చెప్పినవు గద? వాగుగట్టుకు జ్వరం వచ్చింది, మీటింగు ఇంకోసారి పెట్టుకుందామని?"

"పోయిన."

"పోయినవు, సరే. చెప్పినవా?"

"చెప్పుదామనే పోయిన. నీ పేరు ఎత్తొద్దన్నవు, ఎత్తలే. వాగుగట్టు పేరు మీద బ్లాగు రాసేది నువ్వని వాళ్లల్ల ఒక్కరికి తెల్వదన్నవు. అదంత యాదికి పెట్టుకోనే పోయిన."

"మరి?"

"పోయి చూస్తె రూమంత నిండి ఉన్నది. జహీరాబాదోల్లు మొదటి బస్సు పట్టుకోని వచ్చిండ్రట, నాష్తా గూడ చెయ్యలే. కొమురయ్య సారుకు మోకాళ్ల నొప్పులు. ఆ మెట్లు ఎక్కి, గోడకు ఆనుకోని దమ్ము తీస్తుండు. గసొంటి మనిషికి, జ్వరమొచ్చింది ఇగ దిగిపోండ్రి సారూ అని నువ్వయితే చెప్తవా?"

"చెప్పలే అన్నట్టు."

"మంచినీళ్లు తెచ్చిచ్చిన."

"మీటింగు అయిందా?"

"అయింది."

"నేను లేకుండ."

"నువ్వు లేకపోయినా మంచిగనే కొట్లాడుకున్నరు. నువ్వు రంది పెట్టుకోకు."

"దేని మీద కొట్లాట?"

"దానికంటె ముందు వాళ్ల పేర్లు చెప్పాలె నీకు. ఒక్కొక్కరు లేచి, బ్లాగుల పేరు ఇదీ అని చెప్పుకున్నరు. నన్ను నీళ్లిచ్చెటామె అనుకున్నరేమో, అడగలే. జోగిపేటాయన పేరు అగ్గిరవ్వ అట."

"అగ్గిరవ్వ వచ్చిండా? ఆయన రాతలు చదివితే ఒళ్లు మండుతదే. ఎట్లున్నడు?"

"మఫ్లర్ చుట్టుకోని ఉన్నడు. ఫ్యాను గాలి పడతలేదు, జెర బంద్ చెయ్యిండ్రి అన్నడు."

"అగ్గిరవ్వనా?"

"అగ్గిరవ్వనే. ఇంకొకాయన పిడికిలి. నమస్తే పెట్టి చెయ్యి కలిపిండు. కొత్తల్లుని చెయ్యి లెక్క మెత్తగున్నది."

"నువ్వు నవ్వలేదు గద?"

"నవ్వలే. లోపటికి మింగిన."

"సరే, కొట్లాట సంగతి చెప్పు."

"సంఘానికి పేరు పెట్టెకాడ మొదలైంది. కొమురయ్య సారు అభ్యుదయ అనే మాట ఉండాలన్నడు. అగ్గిరవ్వ, ఆ మాట పాతబడ్డది, ప్రగతిశీల అందామన్నడు. రెండింటికి ఫరక్ ఏందని అడిగిన. ఒక్కరు చెప్తరనుకున్న. అందరు ఒకేసారి చెప్పబట్టిరి. ఇగ పిడికిలాయన సంఘమే వద్దు, వేదిక అందామన్నడు. సంఘమైతె చందాలు, అధ్యక్షులు వస్తరట, వేదికైతె రారట."

"హైమావతి మేడం ఏమన్నది?"

"ఆమెనే నయం. ఇంట్ల గిన్నెలు అట్లనే పెట్టి వచ్చిన, పేరు కాడనే పొద్దు గుంకితె నేను పోత అన్నది. మంజీర బ్లాగర్లు అని పెట్టుకోని ముందుకు పోండ్రి అన్నది. పెట్టుకున్నరు."

"మంజీర బ్లాగర్లు. బాగనే ఉన్నది. నేను వేరే పేరు అనుకున్న."

"నీకు జ్వరం గద."

"నా మీదనే జోకులు. ఇంత పెరుగు వెయ్యి. పేరు పెట్టుకున్నరు, తర్వాత?"

"తర్వాత మీ రాజారావు వచ్చిండు."

"ఏ రాజారావు?"

"ఎంత మంది ఉన్నరు మీకు రాజారావులు? మీ కంపెనీల డ్యూటీలు చూసే పర్సనల్ ఆఫీసరు."

"అన్నం నోట్ల ఉన్నది, గిప్పుడు గీ మాటలెందుకే."

"నిజమే చెప్తున్న. సేఫ్టీ డే నాడు ఆడోళ్లను గూడ పిలిచిండ్రు గద, ఆనాడు మైకుల మాట్లాడింది ఆయనే. అదే పొడుగు, అదే కండ్లద్దాలు. వచ్చి వెనక కుర్చీల కూసున్నడు."

"ఆయనకు ఎవరు చెప్పిండ్రు, అక్కడ మీటింగున్నదని?"

"నువ్వే చెప్పినవు. ఆదివారం పదింటికి లైబ్రరీ పక్క రూముకు అందరు రండ్రి అని బ్లాగుల పెట్టినవు. అందరంటే ఆయన గూడ వస్తడు."

"అందరంటే మనోల్లని గదా."

"అట్ల రాయకపోతివి మరి."

"అయిపోయింది. నా కొలువు అయిపోయింది. కంపెనీ ట్యాంకరు విషపు నీళ్లు వాగుల ఇడిసిపెడుతుందని రాసిన కాడి నుంచి మ్యానేజ్‌మెంటు నిద్రపోతలేదు. బయట రాసినోడు దొరికితె గేటు లోపలికి రానియ్యమని నోటీసు బోర్డు మీద అతికిచ్చిండ్రు. ఆయన మాట్లాడిండా? ఏమన్న అడిగిండా?"

"నేను చదివేవాణ్నే, రాసేవాణ్ని కాదు అన్నడు. ఊకె కూసున్నడు కాసేపు. తర్వాత మెల్లగ అడిగిండు, వాగుగట్టు గారు వచ్చారా అని."

"అడిగిండా?"

"అడిగిండు. అందరు అటు ఇటు చూసిండ్రు. నిజంగనే, వాగుగట్టు ఏడి, పిలిచినోడే లేడు అని కొమురయ్య సారు అన్నడు. జ్వరమని చెప్పుదామా అనుకున్న. చెప్తె ఏమైతది? రాని మనిషి ఎవరని ఆయన ఆలోచన చేస్తడు. వాగు పక్క ఊరోడెవరు, ఇయ్యాల లైబ్రరీకి రానోడెవరు, కంపెనీల ఉన్నోడెవరు అని చూసుకుంటె నీ పేరు కాడికి రాడా?"

"వస్తడు."

"గందుకే లేచి నిలబడ్డ."

"నిలబడి?"

"వాగుగట్టు నేనే అన్న."

"నువ్వు."

"నేనే."

"నవ్వలేదా వాళ్లు?"

"ఎందుకు నవ్వుతరు? చప్పట్లు కొట్టిండ్రు. హైమావతి మేడం లేచొచ్చి అలాయ్ బలాయ్ ఇచ్చింది. నాకు ముందే తెలుసు, ఇది ఆడమనిషి రాతేనని నేను ఎన్నిసార్లు అన్నా వీళ్లు నమ్మలే అన్నది."

"ఎట్ల తెలుసట ఆమెకు?"

"బోరు నీళ్లతోని వండితె అన్నం పచ్చగైతదని, పిల్లలు పళ్లెం దూరం జరుపుతరని రాసిన మనిషి మొగోడు ఎట్లైతడు అన్నది."

"అది నేనే రాసిన."

"చెప్పింది ఎవరు?"

"చెప్పింది నువ్వే అనుకో."

"బట్టలు పిండితె వేళ్ల సందులల్ల మండుతదని?"

"అది గూడ నువ్వే."

"ఆగమ్మత్త బర్రె ఈనలేకపోయింది?"

"సరే సరే, నువ్వే. గని కొట్టింది నేను. ఇంటర్‌నెట్ కాడ కూసోని ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం ఏరి కొడితె తెలుగు పడుతది, నీకేం ఎరుక. ళ పడక ఎన్ని తిప్పలు పడ్డ."

"ళ నీదే. నేను కాదన్ననా? మిగతాది అడుగుతున్న."

"ఏడాది సంది పెంచుకున్న పేరు. ఒక్క పూట రాకపోతె చేతికొచ్చినట్టు పంచిచ్చినవు."

"పేరు పోయిందని ఏడుస్తున్నవా, కొలువు నిలబడ్డదని సంబురపడుతున్నవా? ఒక్కటి చెప్పు."

"రెండూ. రాజారావు ఏమన్నడు? నమ్మిండా?"

"తిరిగి అడిగిండు. ట్యాంకర్ల సంగతి మీకెలా తెలిసిందమ్మా అని. మా బర్లు ఆ వాగు గట్టుకే పోతయి సారూ, ట్యాంకరు నా కండ్ల ముందటనే వచ్చి నిలబడ్డది, అది చూడనీకె కంపెనీల కొలువు ఉండాల్నా అన్న. అందరు నవ్విండ్రు. ఆయన గూడ నవ్విండు. మీ ఆయన ఏం చేస్తారన్నడు. ముత్తంగి కాడ లారీ నడుపుతడన్న."

"నేనా? నాకు సైకిల్ తప్ప ఏదీ రాదు."

"నోటికి గదే వచ్చింది. సైకిల్ నడుపుతడని చెప్పాల్నా?"

"అంతటితోని లేచిపోయిండా?"

"పోలే. కడదాక కూసున్నడు. ఇంత దూరమొచ్చి పేరు పెట్టుకోని పోతరా వీళ్లు అని నాకు మండింది. ఆయన ఉన్నడని తెలిసినా ఒక్క మాట అడిగిన. రేపు మనల ఒకర్ని బెదిరిచ్చి, రాసింది తీసేపిస్తె మిగతావాళ్లు ఏం చేస్తరు అని."

"అది అడిగినవా?"

"అడిగిన. అగ్గిరవ్వ మఫ్లర్ సదురుకుంటుండు. పిడికిలాయన కిటికీల నుంచి బయటికి చూస్తుండు. ముందుగాల హైమావతి మేడమే అన్నది, నా బ్లాగుల పెట్టుకుంట, నన్ను గూడ తియ్యమనుండ్రి అని. కొమురయ్య సారు, పింఛను తీసుకునేటోన్ని, నన్నేం చేస్తరు, నేను గూడ అన్నడు. ఇగ మిగతావాళ్లు ఎట్ల కాదంటరు? ఒకరిది తీసేస్తె, అదే రాత అదే పొద్దు అందరి బ్లాగులల్ల పెట్టాలె. అందరు ఒప్పుకున్నరు."

"ముత్యం, ఏడాది సంది అదే మొత్తుకుంటున్ననే నేను. రాస్తె కింద బాగుంది, బాగా చెప్పారు అని కామెంటు పెట్టి తప్పిచ్చుకునేటోల్లు."

"ఎదురెదురు కూసుంటె తప్పిచ్చుకునుడు కష్టం. కామెంటుల కండ్లు ఉండయి గద."

"ఇంకేమన్న తీర్మానం చేసిండ్రా?"

"కన్వీనర్ని పెట్టుకున్నరు."

"ఎవర్ని? కొమురయ్య సారునా?"

"వాగుగట్టును."

"అంటె నన్ను."

"వాగుగట్టును అంటున్న."

"ఏ వాగుగట్టును?"

"వచ్చినామెను. మళ్ల మీటింగు జహీరాబాద్‌ల. పోవాలె నేను. పిల్లల్ని నువ్వు చూసుకో."

"చూసుకుంట, తప్పుతదా. నాకు నవ్వొస్తుంది ముత్యం, కోపం రావాల్సింది పోయి. పొద్దున్నుంచి ఆ రిలీవర్ని తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు దొరికితె వాని కాళ్లు మొక్కుత. వాడు రాకుంటనే గద నేను ప్లాంటుల ఉన్న, హాజరు పడ్డది. అటు వాగుగట్టేమో లైబ్రరీల నిలబడి మాట్లాడింది. ఇగ నన్ను ఏ కొడుకు అనుమానిస్తడు?"

"ఇంత అన్నం పెట్టనా?"

"చాలు. ఆ రాజారావు అంత అమాయకుడని నాకు ఎరుకలేకపాయె. ఇన్ని రోజులు ఆయనను చూస్తెనే ఉచ్చపడేది. బర్లను అడ్డం పెట్టి ఆఫీసర్ని బుట్టల వేసినవు. ఒక్క కునుకు తీసి, పొద్దుమీకి ఇంటర్‌నెట్‌కు పోత. ఆయన మీదనే రాస్త. వెనక కుర్చీ ఆఫీసరు అని పేరు పెడ్త."

"వద్దు."

"పేరు బాగలేదా?"

"ఆయన మీద రాయకు."

"ఎందుకే? కన్వీనర్‌వని హుకుం చేస్తున్నవా?"

"కన్వీనరని తాళంచెవి నాకే ఇచ్చిండ్రు, అందరు పోయినంక రూముకు తాళం పెడుతున్న. ఆయన మెట్ల కాడ ఆగి ఉన్నడు."

"ఇది ముందుగాల ఎందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు అన్నం తింటవా?"

"ఏమన్నడు?"

"మీటింగుకు పొమ్మని మ్యానేజ్‌మెంటోల్లే పంపిండ్రట. కంపెనీ మనిషి ఎవడు కనపడ్డడో రేపు రాసియ్యాల్నట."

"ఎవరూ కనపడలేదని రాస్తడు. మంచిదే గద."

"గదే రాస్తడట."

"మరి నీ మొఖం అట్ల ఎందుకున్నది? రాసినంక ఇగ భయమేంది?"

"'మీ ఐలయ్యకు రిలీవర్ని పంపొద్దని చెప్పింది నేనేనమ్మా. చూసి కూడా చూడలేదని రాయడం నాకు చేతకాదు, అందుకే ఇక్కడ కనపడకుండా లోపల ఉంచేశాను' అన్నడు."